ఫాల్గుణంలో తోటపని

వసంతం రాగానే తోటపని మొదలుపెట్టమనేది చలిదేశాల లెక్క. మనకి ఫాల్గుణానికే సగం పని అయిపోయి ఉండాలి. మల్లెనే చూడండి. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించిన పొదే ఇప్పుడు కణుపు కణుపునా చిగురేస్తుంది. మొగ్గ తొడిగేది ఆ లేత కొమ్మ చివరే; ముదురు కొమ్మని ఎంత బతిమాలినా పూయదు. ఇక మిగిలింది మొదట్లో మన్ను గుల్లచేసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి, నీళ్లు పెట్టడమే. మొదటి విడత పూశాక కొసలు తుంచితే మళ్లీ పూస్తుంది.

పూత అయిపోయిందని చేమంతిని పీకి పారేసేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎండుకాడ కోసి వంగి చూడండి, మట్టికి ఆనుకుని పచ్చటి పిలకలుంటాయి. నీడపట్టున ఉంచి వేసవి దాటిస్తే వచ్చే ఏటి నారు అదే. కాగితంపూలకి ఈ సేవలేం అక్కర్లేదు. నీళ్లెక్కువైతే ఆకే వేస్తుంది.

ఇక లాన్. మన లాన్లలో ఎక్కువగా వేసేది గరిక జాతే. చలికి మందగించిన గడ్డి ఎండ ముదిరేకొద్దీ లేస్తుంది. ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదు. గుండు గీసినట్టు కోయిస్తే దుబ్బులు మాడిపోతాయి. రోజూ పైపైన చిలకరించేకన్నా రెండు మూడు రోజులకోసారి, తెల్లవారుజామున, వేళ్లకి దిగేలా తడపడం మేలు. మే నెలలో బోరు ఎండిపోతే మాత్రం గడ్డి కోసం ట్యాంకరు తెప్పించకండి. గరిక గోధుమరంగుకి తిరిగినా చావదు, తొలకరికి తనే లేస్తుంది. ఉన్న రెండు బిందెల నీళ్లూ మల్లె మొదట్లో పోయండి.