చక్రం కుంగినప్పుడు

జాకీ అనే మాటకు తెలుగులో వాడుకలో నిలిచిన పర్యాయపదం లేదు. "ఉత్థాపకం" అని నేను కల్పించగలను గానీ, కావలి ట్రంకురోడ్డు మీది ఏ షెడ్డుకైనా వెళ్ళి "ఉత్థాపకం ఉన్నదా నాయనా?" అని అడిగితే నన్ను ఆసుపత్రి దారి పట్టిస్తారు. కనుక జాకీ అనే వ్రాస్తాను. చదువరులు మన్నింతురు గాక.

ఈ విచారణకు కారకుడు మా అల్లుడు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే థార్ జీపు కొన్నాడు. పండుగకు వచ్చినప్పుడల్లా పిల్లలను ఎక్కించుకొని తుమ్మలపెంట వైపు సరుగుడు తోటల నడుమ ఇసుక బాటలలో తిరగాలని అతని ఉబలాటం. "మామయ్యా, వెంట ఏ జాకీ ఉంచుకోమంటారు?" అని అడిగాడు. ఆ బండిలో కూర్చునేది నా మనుమడూ మనుమరాలూ. అందుచేత ముప్పై ఏళ్ళకు పైగా ఛందస్సు చెప్పిన నేను ఈ శాస్త్రాన్నీ అభ్యసించక తప్పింది కాదు.

నాకు తెలిసివచ్చినంతలో రకాలు నాలుగు. బండితో పాటు ఇచ్చే మర తిప్పే జాకీ మొదటిది. తేలిక, చవక. తారురోడ్డు మీద పంక్చరుకు చాలును. కానీ దాని అడుగు చాలా చిన్నది. రెండవది నూనె ఒత్తిడితో లేచే బాటిల్ జాకీ. పాస్కల్ సూత్రమే దాని ప్రాణం. చిన్నపిల్లవాడు మీట ఆడించినా బండి లేస్తుంది. మూడవది నిలువెత్తు ఇనుప పట్టీమీద మెట్టు మెట్టుగా ఎక్కే హై-లిఫ్ట్ జాకీ. 1905 నుండి అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో తయారైనది. ఎత్తు బాగా లేపుతుంది. అయితే దానికి గట్టి ఇనుప బంపరు కావాలి, నేటి బండ్ల ప్లాస్టిక్ బంపర్లు దానికి పనికిరావు. పట్టు తప్పితే పిడి ఎగిరివచ్చి దవడ పగులగొడుతుంది. ఇసుక పడితే దాని చీలలు బిగుసుకుంటాయి. నాలుగవది పొగగొట్టం గాలితో ఉబ్బే సంచి. ఇసుకలో ఇది మేలే గానీ, ముల్లో గాజుపెంకో తగిలితే అంతటితో సరి.

అందరూ అడిగేది "ఎన్ని టన్నులు?" అని. లెక్క చూడండి. బండి బరువు 1,800 కిలోలనుకుంటే ఒక్క చక్రం మీద పడేది సుమారు 450 కిలోలు. రెండు టన్నుల జాకీయే ధారాళంగా చాలు. కొరత బలానిది కాదు, అడుగుది. జాకీ అడుగు పది సెంటీమీటర్ల చదరమైతే చదరపు సెంటీమీటరుకు నాలుగున్నర కిలోల ఒత్తిడి. అంతటితో బండి పైకి లేవదు, జాకీయే ఇసుకలోకి దిగుతుంది. దాని కింద ముప్పై, నలభై సెంటీమీటర్ల పలక వేస్తే ఒత్తిడి పన్నెండో వంతుకు పడిపోతుంది.

ఇక్కడ కర్ణుడు గుర్తుకు రాక మానడు. వ్యాసభారతంలో, భూమి మింగిన రథచక్రాన్ని అతడు పట్టి లాగితే ఏడు దీవుల భూమి నాలుగంగుళాలు పైకి లేచిందట, చక్రం మాత్రం ఊడిరాలేదు. కర్ణపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మా నెల్లూరివాడే గనుక, ఆ ఘట్టాన్ని తరగతిలో కాస్త మమకారంతోనే చెప్పేవాడిని. శాపం సంగతి అలా ఉంచితే, ఇప్పుడు నాకు తోచేది ఒకటి. అతనికి బాహుబలం తక్కువ కాలేదు. కాలు మోపడానికి గట్టి నేల లేకపోయింది, ఆగడానికి శత్రువు సమయమివ్వలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఇక్కడ మెకానిక్కు. అతని కుడిచేతి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. పడుచుతనంలో రోడ్డువార మెత్తని మట్టిలో జాకీ ఒరిగిన ఫలితమది. "అయ్యోరా, జాకీ ఎత్తేదానికే గానీ మోసేదానికి కాదు. దాన్ని నమ్మి కిందికి దూరితే అంతే" అన్నాడు. ముందు పిల్లలను దించి దూరంగా నిలబెట్టాలి, ఎదుటి చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టాలి, స్పేరు చక్రాన్ని బండి కిందికి తోయాలి, ఆ తరువాతే జాకీ. థార్‌కు వెనుక ఇరుసు కిందనే జాకీ పెడితే తక్కువ ఎత్తులోనే చక్రం లేస్తుందని కూడా చూపాడు. లేచిన చక్రం కింద గుంట పూడ్చి, తాటాకులో సరుగుడు కొమ్మలో పరచి, మెల్లగా దించాలి.

అసలు జాకీ దాకా పోకుండానే చాలాసార్లు బయటపడవచ్చునట. టైర్లలో గాలి 18 పాయింట్లకు దింపి, చక్రాల ముందరి ఇసుక పారతో తీస్తే చాలు. కూరుకుంటున్నా యాక్సిలరేటరు తొక్కేవాడే బండిని లోతుకు దించుతాడు. అల్లుడికి నేను మరొకటి చేర్చాను. జనవరి నుండి మన తీరాన తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, అలలంచు ఇసుక మీదికి బండి ఎక్కించవద్దు. పోటు వచ్చే వేళకు అక్కడ చక్రం దిగితే, కర్ణుడికి అర్జునుడిచ్చినంత వ్యవధి కూడా సముద్రుడు ఇవ్వడు.

చివరకు కొన్నవి ఇవి: మూడు టన్నుల బాటిల్ జాకీ, పొట్టి పార, గాలి పంపు, రెండు అడ్డు దిమ్మెలు. పలకను మా వీధి వడ్రంగి అంగుళం మందం చెక్కతో చేసి, మోయడానికి తాడు పిడి కూడా తగిలించాడు. దానికి ఆయన తీసుకున్నది జాకీ ఖరీదులో నాలుగోవంతు కూడా లేదు. బండిలో మొదట పెట్టవలసినది ఆ పలకేనని అల్లుడికి చెప్పాను. కృష్ణా, గోదావరి నల్లరేగడిలో బండ్లు నడిపే మిత్రులు జాకీ కింద ఏమి వేస్తారో తెలియజేస్తే సంతోషిస్తాను. ఇసుక సంగతి కొంత తెలిసింది, బురద సంగతి ఇంకా నేర్వవలసి ఉన్నది.