నీరు మలచిన ఇల్లు

స్వాతికార్తెలో రాలిన వానచినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పుకొన్నారు. కవులు ఆ చినుకు భాగ్యాన్ని సజ్జన సాంగత్యానికి ఉపమానం చేశారు. ముత్యానికి దక్కిన ఈ గౌరవం దానికి ఆశ్రయమిచ్చిన చిప్పకు దక్కలేదు. పల్లెల్లో మంచినీటి ఆలిచిప్పను రాతిపై అరగదీసి, పడిన రంధ్రపు అంచుతో మామిడికాయల చెక్కు తీసేవారు. ఆ చిన్న పనిముట్టులో ఎంతటి నిర్మాణ కౌశలం దాగి ఉన్నదో ఆలోచించినవారు అరుదు.

ఆలిచిప్పలో నివసించేది మెత్తని దేహం గల ప్రాణి. దాని దేహాన్ని కప్పి ఉంచే పలుచని కండపొరను ప్రావారం అంటారు. ఆ పొరయే గృహనిర్మాత. నీటిలో కరిగి ఉన్న కాల్షియంను గ్రహించి అది మూడు పొరల గోడ కడుతుంది. వెలుపలి పొర మాంసకృత్తులతో ఏర్పడినది. ఆమ్లగుణం గల నీటి నుండి లోపలి సున్నపు పొరలను కాపాడుతుంది. మధ్య పొరలో స్ఫటికాలు స్తంభాల వలె నిలిచి ఉంటాయి. లోపలిది మిలమిల మెరిసే ముత్యపు పొర. అందులో అతి పలుచని పలకలు ఇటుకల వరుసల వలె అమరి ఉంటాయి. వాటిని మాంసకృత్తులు అడుసు వలె అతికిస్తాయి. ఎక్కడైనా పగులు పుట్టినా అది నేరుగా సాగలేక పలకల సందులలో దారి మళ్ళి ఆగిపోతుంది.

ప్రాణి పెరిగేకొద్దీ చిప్ప అంచుల వద్ద విస్తరిస్తుంది; లోపలి నుండి మందమవుతుంది. శీతల దేశాలలో చలికాలపు పెరుగుదల మందగించి, చిప్పపై ఒక వలయం మిగులుతుంది. ఐరోపా మంచినీటి ముత్యపుచిప్ప నూరేళ్ళకు పైగా జీవించగలదు. సున్నపు పాలు తక్కువై ఆమ్లగుణం గల నీటిలో చిప్ప ముక్కుభాగం క్షయిస్తుంది. అప్పుడా ప్రాణి లోపలి నుండి కొత్త పొరలు చేర్చి ఇంటిని నిలుపుకొంటుంది.

నీరు చిప్ప ఆకృతిని సైతం మలుస్తుంది. అమెరికాలోని ఒహాయో మొదలైన నదుల ఆలిచిప్పలను పరిశీలించిన ఆర్నాల్డ్ ఆర్ట్‌మన్ 1920లో ఈ విషయాన్ని వివరించాడు. ఒకే జాతి చిప్ప ఎగువ వాగులలో చదునుగాను, దిగువన పెద్ద నదిలో ఉబ్బెత్తుగాను ఉంటుంది. వేర్వేరు జాతులని పేర్లు పొందిన కొన్ని చిప్పలు ఒకే జాతికి చెందినవని దీనివలన తేలింది.

అమెరికా నదులలోనే ఆలిచిప్పలకు ఆపద వచ్చింది. 1891లో మిసిసిపీ తీరాన మస్కటీన్ పట్టణంలో ఆలిచిప్పల నుండి గుండీలు కోసే పరిశ్రమ ఆరంభమై, నదీగర్భం నుండి చిప్పలను టన్నులకొద్దీ తోడివేసింది. తరువాత ఆనకట్టలు వచ్చాయి. ఆలిచిప్ప పిల్లలు తొలిదశలో చేపల మొప్పలను, రెక్కలను అంటిపెట్టుకొని పెరుగుతాయి. చేపల రాకపోకలు ఆగిన చోట వాటి సంతతి ఆగింది. 2023లో అమెరికా ప్రభుత్వం ఎనిమిది ఆలిచిప్ప జాతులు అంతరించాయని ప్రకటించింది.

వాగు వడికి, నీటి ఆమ్లగుణానికి, చలికాలపు కొరతకు తగినట్లు ఆలిచిప్ప తన ఇంటిని సవరించుకోగలిగింది. ఆ సవరణకు ఋతువులు, తరాలు పట్టాయి. మానవుడు దానికి అంత వ్యవధి ఇవ్వలేదు. నీటిని వడకట్టి శుభ్రపరిచే ఆ ప్రాణి కనుమరుగైన నదిలో నష్టపోయేది ఆలిచిప్ప ఒక్కటే కాదు. ఆ నీటిని నమ్ముకొన్న ప్రతి ప్రాణీ నష్టపోతుంది.