లేపాక్షిలో ఆగిన ఉలి

లేపాక్షి వెళ్ళివచ్చిన వారిని ఏమి చూశారని అడగండి. బసవన్నను చూశామంటారు. వేలాడే స్తంభం కింద కండువా దూర్చి ఇవతలికి లాగామంటారు. కల్యాణ మండపం మాట మొదట ఎత్తేవారు అరుదు. అది సహజమే. పూర్తి అయిన వింతలు అన్ని ఉండగా, కప్పు లేని మండపం ఎవరికి గుర్తుంటుంది? నాకు మాత్రం ఈసారి ప్రయాణంలో దానితోనే పని పడింది.

కారణం మనవి చేస్తాను. నేను కళాశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. తొమ్మిదేళ్ళుగా ఒక పత్రికలో వారం వారం ఒక చిన్న శీర్షిక వ్రాస్తున్నాను. సామెతలు, పెళ్ళి భోజనాలు, పరీక్ష హాలు, పక్కింటివారి కుక్క – ఏదీ నా కలానికి నిషిద్ధం కాదు. గురువారం సాయంత్రానికి పంపితే ఆదివారం అచ్చులో ఉంటుంది. సోమవారం బజారులో ఎవరో ఒకరు, “మాస్టారూ, ఈ వారం భలే వ్రాశారండీ” అంటారు. ఆ మాటతో మరో గురువారం దాకా కడుపు నిండి ఉంటుంది. దానివల్ల వచ్చే పైకం కొద్దిదే అయినా, మా అమ్మాయి సంగీతం మాస్టారి జీతానికి సరిగ్గా సరిపోతుంది.

ఇదిలా ఉండగా, ఇంట్లో పెట్టె అడుగున ఒక నవల ఉన్నది. ధర్మవరంలో ఒక మగ్గం దగ్గర మొదలై మూడు తరాలు నడవవలసిన కథ. పదకొండు ప్రకరణాలు నడిచి, పన్నెండోదాని గడపలో నిలబడిపోయింది. నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి. ఒక ఏడాదిపాటు శీర్షిక ఆపి నవల ముగించాలా, వద్దా అన్నది ఇంట్లో కొన్ని నెలలుగా నలుగుతున్న ప్రశ్న. చివరికి మా ఆవిడ, “కూర్చున్న చోట ఇది తేలేట్టు లేదు. సెలవులు గదా, లేపాక్షి చూసివద్దాం పదండి” అన్నది.

బెంగుళూరు రైలు మార్గంలో హిందూపురం దిగితే అక్కడికి లేపాక్షి 15 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విభజించినప్పటినుంచి ఇదంతా శ్రీసత్యసాయి జిల్లా. దారికి రెండువైపులా వేరుశనగ చేలు, చింతచెట్లు, ఎవరో పేర్చి మరిచిపోయినట్లు బండమీద బండ. ఈ సీమలో రాయికి కరువు లేదు. ఉన్న కరువంతా నీటికే. ఆ రాతిని పట్టుకొని ఇంత పని చేసినవారిని తలచుకుంటే ముందుగా చేతులు జోడించాలనిపిస్తుంది.

ఊరి మొదట్లోనే బసవన్న దర్శనమిస్తాడు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, అంతా ఒకే రాయి. మెడలో గంటలు, గొలుసులు, వీపుమీద అలంకారం – కొలిచి చూడబోతే బండ, కన్నార్పకుండా చూస్తే ఇప్పుడే లేచేట్టున్నాడు. అడివి బాపిరాజుగారు ఈయనమీద పాట కట్టారు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి ‘వేయిపడగలు’తో బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ రచయిత ఆయనే. లేపాక్షికి వెళ్ళేవారిలో ఎందరికో ఆ పెద్ద నవలకంటే ఈ చిన్న పాటే ముందు గుర్తుకు వస్తుంది. “చూశారా, చిన్న రచనే నిలిచింది” అని మా ఆవిడ నావైపు చూసింది. నేను బసవన్నవైపు చూశాను.

గుడి ఒక చిన్న గుట్టమీద ఉన్నది. తాబేలు వీపులా ఉంటుంది గనుక కూర్మశైలమంటారు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 వరకు పరిపాలించాడు. ఆయన కాలంలో పెనుకొండలో అధికారం చేసిన విరూపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ ఈ వీరభద్రాలయాన్ని కట్టించారు. నాట్యమండపంలో అడుగు పెట్టగానే ఒక కచేరీ మధ్యలో వెళ్ళినట్లుంటుంది. స్తంభాల మీద రంభ నాట్యం, బ్రహ్మ మృదంగం, తుంబురుడి వీణ, మూడు కాళ్ళ భృంగి. తల పైకెత్తితే పార్వతీ పరిణయం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం. కావిరంగు, పసుపు, నలుపు, ఆకుపచ్చ – ఆ రంగుల్లో ఆనాటి తలపాగాలు, చీరల అంచులు, కొప్పులు అన్నీ కనిపిస్తాయి. కట్టించిన అన్నదమ్ములు కూడా ఒకచోట చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మెడ పట్టేసేదాకా చూశాం. ఇంకా చూడవలసింది మిగిలింది.

వెలుపలికి వచ్చి గుడి వెనకకు తిరిగితే నాగలింగం. మూడు చుట్లు చుట్టుకొని, ఏడు పడగలు విప్పి, లింగానికి నీడ పట్టిన నాగేంద్రుడు. దీనికి ఒక కథ చెబుతారు. శిల్పులు మధ్యాహ్నం భోజనానికి వచ్చారట. తల్లి వంట ఇంకా కాలేదన్నదట. ఊరికే కూర్చోవడం చేతకాక, ఎదురుగా ఉన్న బండను చెక్కుతూ కూర్చున్నారట. అన్నం ఉడికేసరికి ఇది తయారైంది! తల్లి వచ్చి చూసి, “ఎంత పని చేశారు నాయనా!” అని ఆశ్చర్యపోయేసరికి దిష్టి తగిలి రాయి బీట వారిందట. ఆ బీట ఇప్పటికీ చూపిస్తారు.

“ఇదీ మీ శీర్షిక లాంటిదే. అన్నం ఉడికేలోగా అయిపోయింది” అన్నది మా ఆవిడ.

నేను నవ్వాను గాని ఆ మాట లోపల ఎక్కడో నాటుకున్నది. కన్నతల్లి మెచ్చుకోలుకే రాయి బీటవారిందంటే, వారం వారం బజారులో దొరికే మెచ్చుకోలు మనిషిని ఏమి చేస్తుంది? అది లేని ఏడాది ఎలా ఉంటుంది? నిజానికి నా భయం పైకం గురించి కాదు, సోమవారాల గురించి.

అక్కడినుంచి కల్యాణ మండపానికి వచ్చాం. శివపార్వతుల పెళ్ళికోసం తలపెట్టిన మండపం. స్తంభాలమీద ఇంద్రుడు, అగ్ని, వసిష్ఠుడు, విశ్వామిత్రుడు – పెళ్ళివారంతా వచ్చి నిలబడ్డారు. పైన పందిరి మాత్రం లేదు. ఆకాశమే కప్పు. విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడని రాజుకు ఫిర్యాదులు వెళ్ళాయనీ, కళ్ళు తీయించమని ఆజ్ఞ వచ్చిందనీ, ఆ శిక్ష మరొకరి చేతిలో ఎందుకని తన కళ్ళు తానే పెరికి గోడకు విసిరాడనీ కథ. గోడమీద రెండు ఎర్రని మరకలు చూపి, ఇవే ఆ గుర్తులంటారు. కథ మాట ఎలా ఉన్నా, మండపం ఆగిన మాట మాత్రం కళ్ళముందున్న నిజం.

నేను అక్కడే చాలాసేపు కూర్చున్నాను. నీడన కూర్చున్న ఒక పెద్దాయన ఇది గమనించి, “ఏమి సార్, దీన్ని ఇంతసేపు చూస్తాండారు? అయిన పని ఆ పక్క ఉండాది” అన్నాడు.

“ఆగిన పని చూడటానికే వచ్చాను పెద్దాయనా” అన్నాను.

“ఆగింది గానీ చెడలేదు సార్. చెక్కినంత మటుకు చూడండి, యాడన్నా తొందర కనిపిస్తాదేమో” అన్నాడు.

లేచి చూశాను. నిజమే. కప్పు పడుతుందో లేదో తెలియని స్తంభానికి కూడా, పడి తీరుతుందన్నంత శ్రద్ధగా పని చేశారు.

మా ఆవిడ తన వాదన వదల్లేదు. “మన విద్వాన్ విశ్వంగారు ఈ జిల్లాలవారే గదండీ. వారపత్రికలో ‘మాణిక్యవీణ’ శీర్షిక నడిపారు, ‘పెన్నేటి పాట’ కావ్యమూ వ్రాశారు. ఆయన ఒకటి ఆపి రెండోది చేయలేదు గదా?”

మాట సరైనదే. తరిమెలలో పుట్టి, పత్రికా రచనలో జీవితం గడిపి, పెన్న ఒడ్డున బతికే పేదల గోడును కావ్యం చేసిన మనిషి విశ్వంగారు. రెండు చేతులా వ్రాయగలవారు ఉంటారు. కాని నాగలింగం కథలో మా ఆవిడ వదిలేసిన ముక్క ఒకటి ఉన్నది. ఆ శిల్పులు భోజనానికి వచ్చింది ఇంటినుంచి కాదు, పనినుంచి. ఏళ్ళతరబడి పెద్ద గుడి కడుతున్న చేతులు గనుకనే అన్నం ఉడికేలోగా ఏడు పడగలు విప్పగలిగాయి. పెద్ద పని ఇచ్చిన చేవ చిన్న పనిలో కనిపించింది. చిన్న పనులు ఎన్ని పేర్చినా గుడి కావు.

ఈ మాటే ఆమెతో అన్నాను. “మరి మీదీ ఈ మండపంలాగా ఆగిపోతే?” అన్నది.

“ఆగవచ్చు. విరూపణ్ణకు రాజాజ్ఞ వచ్చింది. నాకు ఏ రాజూ ఆజ్ఞ ఇవ్వలేదు. నన్ను ఆపుతున్నది గురువారం ఒక్కటే.”

ఆమె జవాబు చెప్పలేదు. సంచిలోనుంచి అమ్మాయి నోటుపుస్తకం, పెన్సిలు తీసి పక్కనున్న లతామండపం వైపు నడిచింది. అక్కడి స్తంభాలనిండా లతలు, హంసలు, పువ్వుల నమూనాలు. ఒకదాని పోలిక మరొకదానికి రాదు. చీరల అంచులకు లేపాక్షి నమూనా అని పేరు వచ్చింది వీటివల్లనే. అక్కడా కప్పు లేదు. అయినా ఆ తీగలు రాతిలో ఆగక మగ్గాలమీదికి పాకిపోయాయి.

ఒక అంచు గీసుకొని వచ్చి నా ఒళ్ళో పెట్టింది. “మీ పన్నెండో ప్రకరణంలో ఆ నేతగాడి కూతురు మగ్గంమీద కూర్చోవాలి గదా. ఏ అంచు నేస్తుంది?”

“ఇంకా అనుకోలేదు” అన్నాను.

“అయితే ఇది నేయించండి. అమ్మాయి సంగీతం సంగతి నేను చూసుకుంటాను.”

2022లో యునెస్కోవారు ఈ ఆలయాన్ని, బసవన్నను ప్రపంచ వారసత్వానికి పరిశీలించవలసిన తాత్కాలిక జాబితాలో చేర్చారు. అందుచేత ఇకమీద చూడవచ్చేవారు పెరుగుతారు కాబోలు. వచ్చేవారికి నా మనవి ఒక్కటే. బసవన్నను తనివితీరా చూడండి, స్తంభం కింద కండువా దూర్చండి. తిరిగి వెళ్ళేముందు కప్పు లేని మండపంలో ఒక పావుగంట కూర్చోండి. ప్రతివారి పెట్టె అడుగునా ఏదో ఒకటి ఉంటుంది – సగం నేర్చిన వీణ, సగం కుట్టిన రవిక, సగం వ్రాసిన కథ. అక్కడ కూర్చుంటే అది గుర్తుకు వస్తుంది.

హిందూపురంలో రైలు ఆలస్యమైంది. ఆ వేళలో పత్రిక సంపాదకుడికి ఉత్తరం వ్రాశాను: ‘ఒక ఏడాది సెలవు ఇప్పించ ప్రార్థన.’ రెండు వాక్యాలే. ఈ తొమ్మిదేళ్ళలో నేను ఆయనకు పంపినవాటిలో అన్నిటికంటే చిన్న రచన అదే.