కాయితం రాని రాత్రి

మందుల కంపెనీలో సరుకు తయారైనంత మాత్రాన గేటు దాటదు. ప్రతి బ్యాచ్‌కూ సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ ఉండాలి. మేం సీఓఏ అంటాం. ఏ పరీక్ష చేశారు, హద్దు ఎంత, వచ్చింది ఎంత అన్నవి వరుసగా ఉండి, కింద నాణ్యత విభాగం (క్యూఏ) వాళ్ల సంతకం ఉండే కాయితం అది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఈ బెల్టులో ఏ బల్క్ డ్రగ్ యూనిట్‌లోనైనా ఇదే పద్ధతి. అలాంటి ఒక యూనిట్‌లో నేను ఐటీ పని చూస్తాను.

మా సీఓఏలు లేటెక్‌లో తయారవుతాయి. కందిలో ఐఐటీ పిల్లలు థీసిస్‌లు రాసుకునే లేటెక్కే. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఫలితాలు వస్తాయి, ఒక ప్రోగ్రాం వాటిని టెంప్లేట్‌లో నింపుతుంది, లేటెక్ పీడీఎఫ్ చేసి ఇస్తుంది. వర్డ్‌లో చేత్తో కొట్టే రోజుల్లో ఒక్క దశాంశ బిందువు జరిగినా విచారణే. ఆ బెడద తప్పింది. 1978లో డొనాల్డ్ క్నూత్ తెచ్చిన టెక్స్, దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టిన లేటెక్ ఇన్నేళ్లుగా నిలిచి ఉన్నాయంటే ఊరికే కాదు. అయితే లేటెక్ ఒక్కటే వచ్చి అన్ని పనులూ చెయ్యదు. మైక్రోగ్రాములు, డిగ్రీలు సరిగ్గా పడటానికి సైయూనిటెక్స్ కావాలి. ఫార్ములాలో చిన్న అంకెలు కిందికి దిగడానికి ఎంహెచ్‌కెమ్ కావాలి. ‘5లో 2వ పేజీ’ అని రావడానికి లాస్ట్‌పేజ్ కావాలి. ఒక్కో వసతికి ఒక్కో ఫైలు. అందులో ఏ ఒక్కటి లేకపోయినా కాయితం పుట్టదు.

పాత సర్వర్ మార్చాల్సి వచ్చినప్పుడు బయటి సంస్థ ఒకటి కొత్త సర్వర్ మీద అన్నీ డాకర్ కంటైనర్లలో సర్ది అప్పగించింది. ఇమేజ్ చిన్నగా ఉండాలని డెబియన్ స్లిమ్ తీసుకుని, లేటెక్‌లో కనీసం కావలసినవి మాత్రమే వేశారు. దేశంలో అమ్మే సరుకు టెంప్లేట్‌తో పరీక్షించారు. పీడీఎఫ్ వచ్చింది, సంతకాలయ్యాయి. పైన చెప్పిన ఫైళ్లన్నీ వాడే ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్‌ను ఎవరూ నడిపి చూడలేదు.

మొదటి ఎక్స్‌పోర్ట్ బ్యాచ్ సాయంత్రం పూట రిలీజుకొచ్చింది. లారీ వచ్చి గేటు లోపల నిలబడింది. క్యూఏ మేడం బటన్ నొక్కితే ‘సమయం మించిపోయింది’ అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ రాలేదు. డాకర్ లాగ్‌లో కూడా అంతే. కంటైనర్ లోపలికి వెళ్లి అదే ఫైలును చేత్తో నడిపాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆశ్చర్యార్థకం గుర్తు, పక్కన సైయూనిటెక్స్ ఎస్‌టీవై ఫైలు దొరకలేదన్న మాట, దాని కింద ‘ఫైలు పేరు ఇవ్వండి’ అన్న ప్రశ్న. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడనుకుని లేటెక్ అడిగే ప్రశ్న అది. కంటైనర్ లోపల జవాబు చెప్పేవాళ్లెవరు? ఇన్నాళ్లూ అలాంటి అవసరం రాలేదు గనక నాన్‌స్టాప్ మోడ్ పెట్టాలని ఎవరికీ తట్టలేదు. జవాబు కోసం చూసీ చూసీ ప్రోగ్రాం చచ్చిపోయేది.

ఏ ఫైలు లేదో తెలిసింది. తేవడమే కష్టమైంది. డెబియన్‌లో సైయూనిటెక్స్ పేరుతో వెతికితే ప్యాకేజీ దొరకదు. అది టెక్స్‌లైవ్-సైన్స్ అనే పెద్ద మూటలో ఉంటుంది. ఏ ఫైలు ఏ మూటలో ఉందో చెప్పడానికి ఆప్ట్-ఫైల్ అనే కమాండు ఉంది గానీ, దానికి నెట్ కావాలి. ప్లాంట్ సర్వర్‌కు నెట్ ఉండదు, ఉండకూడదు కూడా. అడ్మిన్ బ్లాకులో కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఇమేజ్ మళ్లీ కట్టాలి. దాన్ని టార్ ఫైలు చేసి, అనుమతి ఉన్న ఒకే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, వైరస్ స్కాన్ చేయించి, రిజిస్టర్‌లో రాయించి, సర్వర్ గదికి మోసుకెళ్లాలి.

అంతా చేశాక సైయూనిటెక్స్ దొరికింది. లాస్ట్‌పేజ్ దగ్గర ఆగింది. లేటెక్‌తో వచ్చిన చిక్కే ఇది. తనకు ఏమేం లేవో అన్నీ ఒకేసారి చెప్పదు. మొదటిది దొరక్కపోతే అక్కడే ఆగుతుంది, అది ఇస్తే రెండోదాని పేరు చెబుతుంది. మళ్లీ టెక్స్‌లైవ్-లేటెక్-ఎక్స్‌ట్రా కోసం అదే హాట్‌స్పాట్, అదే పెన్‌డ్రైవ్, అదే రిజిస్టర్. మూటలన్నీ ఎందుకు, ఒక్కొక్క ఫైలూ తెచ్చుకుందామని టెక్స్ లైవ్ మేనేజర్ అనే సాధనాన్ని ప్రయత్నిస్తే అదీ కుదరలేదు. డెబియన్ 12లో ఉన్నది 2022 నాటి టెక్స్ లైవ్. నెట్‌లోని భాండాగారం ఏటా కొత్త సంచికకు మారుతుంది, పాతవాళ్లకు ఇవ్వనంటుంది. ప్యాకేజీలు అయ్యాక ఫాంట్ల వంతు. సీఎం-సూపర్ అనే ఫాంట్ల మూట లేకపోవడంతో లేటెక్ అక్షరాలను అక్కడికక్కడే తయారు చేసుకోబోయింది. వాటిని దాచుకునే ఫోల్డర్‌లో రాయడానికి దానికి అనుమతి లేదు. మళ్లీ ఆగింది.

డిస్పాచ్ అన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. “సార్, ఇంకెంత సేపు పడ్తది? డ్రైవర్ పొద్దటి సంది తిండి కూడా తినలే,” అన్నాడు. క్యాంటీన్‌లో పెట్టించమని చెప్పడం తప్ప నా దగ్గర జవాబు లేదు. ఈ ఒక్కసారికి వర్డ్‌లో కొట్టేసి సంతకం పెట్టమని పైనుంచి ఒకరు మేడంను అడిగారు. ఆమె గొంతు పెంచలేదు. “వ్యాలిడేట్ కాని పద్ధతిలో వచ్చిన కాయితం మీద నేను సంతకం పెట్టను సార్. లారీని రేపు రమ్మనండి,” అంది. అంత ఒత్తిడిలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆ రాత్రి మా యూనిట్ పరువు నిలిపింది ఆవిడే.

దారి చూపింది మా సీనియర్. “పాత సర్వర్ ఇంకా ర్యాకులనే ఉంది గద తమ్మీ, దాన్నే అడుగుదాం,” అన్నాడు. దాన్ని ఆన్ చేసి, అదే టెంప్లేట్‌ను రికార్డర్ ఆప్షన్‌తో నడిపాం. లేటెక్ తెరిచిన ప్రతి ఫైలు పేరూ వరుసగా ఎఫ్‌ఎల్‌ఎస్ అనే ఫైలులో రాసిపెట్టింది. స్టైల్ ఫైళ్లు, ఫాంట్లు, ఒక్కటీ వదలకుండా. ఆ జాబితా చేతికొచ్చాక ఏ మూటలు కావాలో తేల్చి ఇమేజ్ ఒకేసారి కట్టాం. తెల్లారాక ఛేంజ్ కంట్రోల్ రాసి, పాత సీఓఏలను కొత్త ఇమేజ్‌లో మళ్లీ తీసి, పేజీకి పేజీ పోల్చి చూశాం. ఆ తర్వాతే మేడం సంతకం పెట్టింది, లారీ కదిలింది.

నన్ను నిజంగా వణికించింది ఆ తర్వాత బయటపడింది. అదే చేత్తో మిగతా టెంప్లేట్లు కూడా నడిపిద్దామనుకున్నాం. సాల్వెంట్లు పట్టుకునే కార్మికులకు ఇచ్చే జాగ్రత్తల కార్డు కూడా ఇదే సర్వర్ నుంచి వస్తుంది. తెలుగులో ఒకటి, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ల కోసం హిందీలో ఒకటి. తెలుగు కార్డు ఏ ఎర్రరూ లేకుండా తయారైంది. తెరిచి చూస్తే టోలుయీన్ అని ఇంగ్లిషులో పేరుంది, ఉష్ణోగ్రత అంకెలున్నాయి, గళ్లున్నాయి. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ‘నిప్పుకు దూరంగా ఉంచాలి’ అని ఉండాల్సిన చోట తెల్ల కాయితం. కంటైనర్‌లో తెలుగు ఫాంట్ లేదు. ఫాంట్ దొరక్కపోతే మామూలు ఫాంట్ వాడమని టెంప్లేట్‌లో ఎవరో రాసి పెట్టారు. ఆ మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలుండవు. లేని అక్షరాలను వదిలేసి లేటెక్ ముందుకు సాగిపోయింది, లాగ్‌లో మాత్రం ఒక్కో అక్షరానికీ ఒక్కో హెచ్చరిక రాసింది. చదివిందెవరు?

ప్యాకేజీ లేకపోతే పని ఆగుతుంది. ఎవరో ఒకరు కేకేస్తారు, ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. అక్షరం లేకపోతే ఎవరూ కేకెయ్యరు. కార్డు ప్రింటై, లామినేషన్ అయ్యి, డ్రమ్ము పక్కన వేలాడుతుంది.

ఇప్పుడు మా దగ్గర ఇమేజ్ సైజు గురించి ఎవరూ మాట్లాడరు. కావలసిన మూటలన్నీ ప్లాంటుకు రాకముందే లోపల ఉంటాయి. ఇమేజ్ కట్టిన ప్రతిసారీ నెట్ తీసేసి అన్ని టెంప్లేట్లనూ నడుపుతాం. ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ అనే సెట్టింగ్ విలువను 3 చేశాం. 2021 టెక్స్ లైవ్ నుంచి ఈ వసతి ఉంది. అలా పెడితే ఒక్క అక్షరం తప్పిపోయినా అది హెచ్చరికగా మిగలదు, ఎర్రరై పనిని ఆపేస్తుంది. వచ్చిన తెలుగు కార్డును షిఫ్ట్‌లో ఉన్న కార్మికుడి చేత చదివించాకే ప్రింటుకు పంపుతాం. ఈ బెల్టులో ఇదే పని చేస్తున్న తోటివాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ సర్వర్ నుంచి వస్తున్న జాగ్రత్తల కార్డులు ఈ రోజే తెరిచి చూడండి. పీడీఎఫ్ వచ్చిందంటే పనైపోయినట్టు కాదు. అందులో ఉండాల్సిన మాట ఉందో లేదో చూసే బాధ్యత మనదే.