ఎండను కొలుచు విద్య

ఆడుపిల్లను పైచదువునకై సముద్రము దాటించవలెనా, వలదా యను ప్రశ్న 2021వ సంవత్సరపు వేసవిలో మా యింట పుట్టి, యించుమించు ఏడాదికాలము మాకు నిద్రపట్టనీయలేదు. నేడిట్టి ప్రశ్న పెక్కిండ్లలో నున్నది. కావున మేము తెలిసికొన్న సంగతులను, చేసిన పొరపాటును గూడ సోదరీమణుల యెదుట నుంచుట మంచిదని తలంచితిమి.

మాది నంద్యాల. మా పెద్దమ్మాయి కర్నూలులో విద్యుచ్ఛక్తి శాఖ ఇంజనీరింగు చదువుచుండగా, 2018లో నొకనాడు కళాశాలవారు పిల్లలను గని గ్రామప్రాంతమునకు దీసికొనిపోయిరి. గని, శకునాల గ్రామముల ప్రాంతమున 2017లో 1000 మెగావాట్ల సోలారు కేంద్రము నెలకొల్పబడినది. సుమారు 6 వేల యకరముల మేర కన్ను సాగినంత దూరము నీలపు పలకలే. తక్కిన పిల్లలు ఫొటోలు తీసికొని వచ్చిరి. మా అమ్మాయి యొక ప్రశ్న పట్టుకొని యింటికి వచ్చెను.

"అమ్మా, ఎండ ఉన్నంతసేపు ఇంత కరెంటు పుడుతుంది సరే. నడిమధ్యాహ్నం మబ్బు కమ్మితే ఏమవుతుంది? ఆ మబ్బు వస్తుందని ముందుగా ఎవరు చెబుతారు?"

మాకేమి తెలియును? ఆమెయే తరువాత మాకు బోధపరచెను. విద్యుత్తు గాదెలో పోసిన ధాన్యము వంటిది కాదు. నిలువచేయు సాధనములున్నను అవి మిక్కిలి ఖర్చుతో గూడినవి. పుట్టినదానిలో కొంతభాగమునకే చాలును. తక్కినదంతయు పుట్టిన క్షణముననే యెవరో యొకరు వాడుకొనవలెను. వాడుకకును, పుట్టుకకును నడుమ తూకము చెడినచో తీగలమీది వ్యవస్థయే చెడును. అందుచేత మన దేశమున దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములు చేసి, ఏ భాగమునం దెంత విద్యుత్తు పంపగలరో సోలారు, గాలిమర కేంద్రములవారు ముందునాడే చెప్పవలెనని నియమము పెట్టిరి. చెప్పినదానికిని, పంపినదానికిని వ్యత్యాసము మితిమీరినచో సొమ్ము చెల్లించుకొనవలెను. "నువ్వు వడియాలు పెట్టేరోజు తెల్లవారకముందే లేచి ఆకాశం చూస్తావే, అదే ఈ పని. కాకుంటే లెక్కతో చూడాలి" అని యామె చెప్పగా మాకు సంగతి మనసుకెక్కెను.

ఇంజనీరింగు పూర్తియై రెండేండ్లు ఒక కార్యాలయమున పనిచేసిన పిమ్మట, ఈ విద్యయందే పైచదువు చదివెదనని, దానికై జర్మనీ పోయెదనని యామె పట్టుపట్టెను. మావారు మాటాడలేదు. మా అత్తగారు మాత్రము వెంటనే, "మెడలో పడాల్సిన బంగారును విమానానికి పెడతారా?" అనిరి. ఆమె మాట కఠినముగ దోచినను అందులో నిజము లేకపోలేదు. మాకున్నది మూడెకరముల పొలమును, పెండ్లికని కూడబెట్టిన కొద్దిపాటి బంగారమును మాత్రమే. అమ్మాయి వెనుక ఇంకొక పిల్ల యున్నది.

మా పొరపాటు ఈ సమయముననే జరిగినది. విదేశములకు విద్యార్థులను పంపు మధ్యవర్తి యొకడు, వేరొక దేశమున నొక కళాశాల కలదనియు, అందు ఒక్క యేడాదిలోనే పట్టము వచ్చుననియు, ఉద్యోగము చేతిలో బెట్టుదురనియు మావారికి జెప్పెను. రంగురంగుల పుస్తక మిచ్చెను. దానిపై గాలిమరలును, నవ్వుచున్న బాలికలును గలరు. మేము చదువకయే 50 వేల రూపాయలు కట్టివేసితిమి. అమ్మాయి ఆ పుస్తకమును రెండుమారులు చదివి, "అమ్మా, దీనిలో పాఠం చెప్పేవాళ్ల పేర్లు లేవు, ప్రయోగశాల లేదు. చదువు పేరులో తప్ప ఎక్కడా ఎండా లేదు, గాలీ లేదు" అనెను. కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. చేర్చిన ప్రతి పిల్లకును అతనికి గొంత ముట్టునని తరువాత దెలిసినది. కూరగాయలు కొనునప్పుడు వేలితో నొక్కి చూచు మేము, ఇంత సొమ్ము పోయునప్పుడు కాగితమైనను విప్పి చూడకపోయితిమి గదా యని సిగ్గుపడితిమి.

అప్పటినుండి ప్రతి కాగితమును అమ్మాయి మాకు చదివి తెలుగున జెప్పవలెనని నియమము పెట్టితిమి. ఆమె కోరినది జర్మనీ దేశపు ఉత్తరభాగమందలి ఓల్డెన్‌బుర్గు విశ్వవిద్యాలయము. అచ్చట పునరుత్పాదక శక్తిని గూర్చిన పైచదువు 1987 నుండియు జరుగుచున్నది. నానాదేశముల విద్యార్థులు వచ్చుటచే బోధన యాంగ్లమున సాగును. ఎండ, గాలి, చెత్తచెదారమునుండి పుట్టు వాయువు, నిలువచేయు సాధనములు, అన్నియు నేర్పుదురు. ఉపగ్రహములు దీసిన మేఘముల చిత్రములనుండి నేలపై బడు ఎండను లెక్కకట్టు పద్ధతిని గూర్చి యచటివారు చిరకాలముగ కృషిచేయుచున్నారు. మా అమ్మాయి ప్రశ్నకు సమాధానము వెదకుచున్న చోటు అదియే యని మాకు దృఢపడెను.

ఆ దినములలో నొక రాత్రి అమ్మాయి మాకును, వాళ్లవ్వకును అన్నా మణి గారి కథ చెప్పెను. ఆమె 1918లో తిరువాన్కూరు సంస్థానమునందలి పీర్‌మేడులో జన్మించిరి. ఎనిమిదవ పుట్టిననాడు ఇంటి యాచారము ననుసరించి పెద్దలు రవ్వల కమ్మలు ఇయ్యబోగా, అవి వలదని విజ్ఞానసర్వస్వపు సంపుటములు కోరిరట. పిమ్మట బెంగుళూరులో సర్ సి. వి. రామన్ గారి ప్రయోగశాలలో ఆమె పరీక్షించినవి వజ్రములును, కెంపులునే! వ్యాసములెన్నో ప్రకటించినను, ఎం.ఎస్‌సి. పట్టము లేదను కారణమున ఆమెకు డాక్టరు పట్టము రాలేదు. 1945లో లండనులోని ఇంపీరియల్ కాలేజికి వెళ్లిరి. భౌతికశాస్త్రము చదువనెంచిరి గాని, దొరకిన విద్యార్థివేతనము వాతావరణ పరికరములకు సంబంధించినది. దానినే స్వీకరించి నేర్చుకొని, 1948లో స్వదేశమునకు వచ్చి వాతావరణశాఖలో జేరి, ఆ పరికరములను మన దేశముననే తయారుచేయించిరి. దేశమున నెచ్చట నెంత ఎండ కాయునో కొలుచు కేంద్రములను స్థాపించిరి. 1980లోను, 1981లోను ఆమె ప్రకటించిన సూర్యరశ్మి గణాంక గ్రంథములు సోలారు పనివారలకు మూలాధారములైనవి. పిదప గాలివేగమును గూర్చిన పరిశీలనమును గూడ నడపిరి. 2001లో పరమపదించిరి. పునరుత్పాదక శక్తి యను మాట ఇండ్లలో వినబడక పూర్వమే ఒక యాడుది విదేశమున విద్య నేర్చివచ్చి దానికి పునాది వేసెనని వినగా మా యొడలు పులకించెను.

మా అత్తగారు అంతయు విని, "అంతా బాగానే ఉంది. ఆమెకు పెండ్లి అయిందా?" అని యడిగిరి. కాలేదని అమ్మాయి నిజమే చెప్పెను. దానితో మా ప్రయత్నము ఇంకొక నెల వెనుకబడెను. కాని యా నెల గడచిన పిమ్మట, బంగారు తాకట్టు పెట్టుటకు బీరువా తాళము తెచ్చి మా చేతిలో బెట్టినది ఆమెయే. ఏల మనసు మార్చుకొనిరో చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఇక ధనము సంగతి. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో సాధారణముగ బోధన రుసుము లేదు. అర్ధసంవత్సరమున కొకమారు కట్టు చిన్న చందా మాత్ర ముండును. బాడెన్-వుర్టెంబెర్గు రాష్ట్రమున మాత్రము 2017 నుండి మనవంటి దేశములవారు అర్ధసంవత్సరమునకు 1500 యూరోలు కట్టవలెను. అయితే వీసాకు ముందే మొదటి యేడాది జీవనవ్యయమును బ్యాంకిలో చూపవలెను. మా అమ్మాయి వెళ్లిన 2022లో ఆ మొత్తము 10,332 యూరోలు. అనగా మన సొమ్ము ఎనిమిది లక్షల పైచిలుకు. 2024 సెప్టెంబరున అది 11,904 యూరోలాయెను. ఇది రుసుమని కొందరు భ్రమపడి వెనుదీయుదురు. అది పిల్ల పేరిటనే యుండి, నెలనెలకు కొంత చొప్పున ఆమె తిండికిని, ఇంటి అద్దెకును వచ్చును. 2022 నవంబరు నుండి మన దేశపు విద్యార్థుల పట్టములను పరిశీలించి ఇచ్చు ధ్రువపత్రము గూడ వీసాకు కావలెను. దానికి గొంత కాలము పట్టును గనుక ముందుగనే మొదలుపెట్టవలెను. మేము కొంత బంగారమును, కొంత బ్యాంకి అప్పును గలిపి సమకూర్చితిమి. పొలము ముట్టుకొనలేదు.

అక్కడి మొదటి చలికాలము కష్టముగ గడచెను. మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటి పడునట. ఎండను కొలువ బోయి ఎండలేని యూరు చేరితినని అమ్మాయి ఫోనులో నవ్వెను గాని, ఆ నవ్వు వెనుక నేమున్నదో తల్లికి దెలియదా? అంత తక్కువ ఎండ గల దేశమున గూడ 2023 నాటికి వాడుక విద్యుత్తులో సగమునకు మించి గాలి, ఎండ మొదలగువానినుండియే వచ్చుచున్నది. 1990లో నొకటి, 2000లో నొకటి చట్టములు చేసి, ఇట్లు పుట్టిన విద్యుత్తును నిర్ణీతమగు ధరకు కొనుట తప్పనిసరి చేయుటయే దీనికి ముఖ్యకారణమట. ఎండ సమృద్ధిగ నున్నంతమాత్రమున చాలదని, కొలుచువారును, నిలుపువారును, న్యాయమైన నియమమును గావలెనని అమ్మాయి చెప్పుచుండును.

2024లో చదువు ముగిసెను. అచట చదివినవారికి ఉద్యోగము వెదకికొనుటకు 18 నెలల గడువిత్తురు. ఆమె ఏడు నెలలు వెదకెను. పని గలదు గాని, పెక్కు సంస్థలు జర్మను భాష బాగుగ వచ్చినవారినే కోరెను. పాఠములు ఆంగ్లమున నున్నవని ఆమె భాషను నిర్లక్ష్యముచేసినది. ఇది మా రెండవ పొరపాటు. పోవు పిల్లలు ఇక్కడనుండియే ఆ భాషను ఆరంభింపవలెనని మా మనవి. ఆ యేడు నెలలును ఇచ్చట మాకు అప్పుపత్రమే కన్నులయెదుట నుండెను. ఇరుగుపొరుగువారు "ఇంకా రాలేదా?" యని యడుగునప్పుడు మాటాడక వంటయింటిలోనికి బోవువారము.

తుదకు 2025లో హైదరాబాదులో నొక సంస్థవారు ఆమెను తీసికొనిరి. సోలారు కేంద్రములకు మరునాటి 96 భాగముల లెక్కను తయారుచేయుటయే ఆమె పని. ఆ యేడాది జనవరి చివరకు మన దేశపు సోలారు సామర్థ్యము లక్ష మెగావాట్లకు చేరెను. పలకలు పెరిగినకొలది ఇట్టి లెక్క చెప్పువారి యవసరమును బెరుగునుగదా. ఈ పనులలో స్త్రీలు ఎందరని యడుగగా, ప్రపంచ పునరుత్పాదకశక్తి సంస్థవారు 2019లో ప్రకటించిన లెక్క చూపెను: నూటికి 32 మంది. నూనె, వాయువు పరిశ్రమలలో 22 మందియే. అయినను శాస్త్రమును, ఇంజనీరింగును గావలసిన పనులలో ఈ 32 మంది 28కి తగ్గుదురు. మేడ యెక్కుటకు మెట్లు గలవు. పైమెట్లమీద మనవారు తక్కువ.

మా అప్పు ఇంకను తీరలేదు. బంగారములో సగము ఇంటికి వచ్చినది. పెండ్లిమాట ఇంకను మిగిలియే యున్నది. వచ్చినవారిలో ఇద్దరు, అమ్మాయి రాత్రివేళల గూడ పనిచూడవలసి యుండునని విని వెనుదిరిగిరి. ఇవన్నియు దాచి, చదువువలన సర్వము సమకూరినదని వ్రాసినచో అది సోదరీమణులను మోసగించుటయే యగును. అయినను మరల ఆ వేసవి వచ్చి, మరల ఆ ప్రశ్న ఎదురైన నేమి చేయుదురని యడిగినచో, పంపుదుమనియే చెప్పుదుము. ఆ 50 వేలు మాత్రము కట్టము.

మొన్న వేసవిలో గుమ్మడి వడియములు పెట్టవలసి, మబ్బు వచ్చునాయని ఫోనులో అడిగితిమి. సాయంకాలము వరకును రాదని ధైర్యముగ జెప్పెను. మూడు గంటలకు వాన కురిసి, వడియములన్నియు ముద్దయైపోయినవి. మా అత్తగారు చాటతో వానిని ఎత్తుచు, "జర్మనీ చదువు!" అనిరి. అమ్మాయి నవ్వలేదు. ఏ గంటకు వచ్చెను, ఎంతసేపు కురిసెను, గాలి ఏ దిక్కున వీచెనని యడిగి వ్రాసికొనెను. తప్పును దాచక కొలిచి వ్రాసికొనుటయే తన విద్యలో ముఖ్యమని చెప్పెను.

ఆ మాట మాకును వర్తించునని తోచి, మా యింటి లెక్కను ఉన్నదున్నట్లు ఇట్లు వ్రాసితిమి. మీ యింట నొక బాలిక ఇట్టి ప్రశ్నతో వచ్చినప్పుడు, ఔననుటకును, కాదనుటకును ముందు ఆమెను ప్రక్కన గూర్చుండబెట్టుకొని కాగితములన్నియు చదివించుకొని వినుడు.