గుల్ మహమ్మద్ ఎటువైపు?

1986 ఏప్రిల్ 18. షార్జాలో చేతన్ శర్మ వేసిన ఆఖరి బంతిని జావేద్ మియాందాద్ సిక్సర్‌గా మలిచిన రోజు. మేము హైదరాబాదులో ఒక హాస్టల్ టీవీ గదిలో ఉన్నాం. బంతి ప్రేక్షకుల మధ్య పడింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కానీ మా అందరి కళ్లూ మాలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం విద్యార్థి వైపు తిరిగాయి. నా కళ్లు కూడా. అతడి ముఖంలో మేము ఏం వెదుకుతున్నామో మాకు తెలుసు. మాకంటే బాగా అతడికి తెలుసు.

పార్లమెంటు వార్తలు రాసే వృత్తిలోకి వచ్చాక, సభలో పౌరసత్వం చర్చకు వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గది గుర్తొస్తుంది. దానితోపాటు గుల్ మహమ్మద్ అనే క్రికెటర్ కూడా గుర్తొస్తాడు.

గుల్ మహమ్మద్ 1921లో లాహోర్‌లో పుట్టాడు. పొట్టి మనిషి, ఎడమచేతి బ్యాట్స్‌మన్, పాదరసంలాంటి ఫీల్డర్. 1947 మార్చిలో హోల్కర్‌తో జరిగిన రంజీ ఫైనల్లో బరోడా తరఫున విజయ్ హజారేతో కలిసి నాలుగో వికెట్‌కు 577 పరుగులు జోడించాడు. అందులో అతడివి 319. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఏ వికెట్‌కైనా అదే అతిపెద్ద భాగస్వామ్యంగా 2006 దాకా నిలిచింది. ఆ మార్చిలోనే అతడు పుట్టిన లాహోర్ మతకలహాలతో మండుతోంది.

రాజ్యాంగంలోని 7వ అధికరణం చదివినవారికి ఆ నెల ప్రాముఖ్యం తెలుసు. 1947 మార్చి 1 తర్వాత ఇక్కడి నుంచి పాకిస్థాన్‌కు వలస వెళ్లినవారిని, పునరావాస అనుమతితో తిరిగి వచ్చినవారిని మినహాయించి, భారత పౌరులుగా పరిగణించరాదని అది చెబుతుంది. చట్టానికి ఒక తేదీ కావాలి. ఆ తేదీ దాటిన వారం రోజులకే గుల్ మహమ్మద్ బరోడాలో బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

దేశం చీలిన కొద్ది నెలలకే అతడు లాలా అమర్‌నాథ్ నాయకత్వంలో భారత జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లాడు. 1952 అక్టోబరులో దిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలో పాకిస్థాన్ తన మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు కూడా అతడు భారత జట్టులోనే ఉన్నాడు. పాకిస్థాన్ నాయకుడు అబ్దుల్ హఫీజ్ కార్దార్. అతడిదీ లాహోరే. 1946లో ఇంగ్లండ్ వెళ్లిన అవిభక్త భారత జట్టులో ఇద్దరూ సహచరులు. 1947లో సిడ్నీలో భారత్ తరఫున టెస్టు ఆడిన అమీర్ ఇలాహి ఈసారి కార్దార్ వెంట వచ్చాడు. ఆ టెస్టులో పదకొండో స్థానంలో దిగి 50 పరుగులు చేసిన మన హైదరాబాదీ గులాం అహ్మద్, గుల్ మహమ్మద్‌తో పాటు భారత జట్టులో ఉన్నాడు. భారత్ ఇన్నింగ్స్ 70 పరుగుల తేడాతో గెలిచింది.

నాలుగేళ్ల తర్వాత, 1956 అక్టోబరులో కరాచీలో పాకిస్థాన్ ఆస్ట్రేలియాతో తన తొలి టెస్టు ఆడింది. ఫజల్ మహమూద్ 13 వికెట్లు తీశాడు. పాకిస్థాన్ 9 వికెట్ల తేడాతో గెలిచిన క్షణంలో క్రీజులో ఉన్నవాడు గుల్ మహమ్మద్. నాయకుడు మళ్లీ కార్దారే. పదేళ్లలో సహచరుడు ప్రత్యర్థి అయ్యాడు, ప్రత్యర్థి తిరిగి సహచరుడయ్యాడు. భారత్‌కు ఎనిమిది టెస్టులు, పాకిస్థాన్‌కు ఒకటి: ఇదీ గుల్ మహమ్మద్ లెక్క.

కార్దార్ కథ రెండు దేశాలకూ సులభంగా అర్థమవుతుంది. పాకిస్థాన్ అతడికి ఒక విశ్వాసం. తర్వాత పంజాబ్ రాష్ట్రంలో మంత్రి అయ్యాడు, క్రికెట్ బోర్డును నడిపాడు. గుల్ మహమ్మద్ కథ మాత్రం ఏ ఉపన్యాసానికీ ఒదగదు. దిల్లీ టెస్టును చూపి దేశభక్తికి ఉదాహరణ అందామంటే కరాచీ అడ్డొస్తుంది. కరాచీని చూపి ‘చివరికి వెళ్లాడుగా’ అనేవారికి దిల్లీ అడ్డొస్తుంది. మొదట సరిహద్దు అతణ్ని దాటింది, ఆ తర్వాత అతడు సరిహద్దును దాటాడు. రెండు మైదానాల్లోనూ తన జట్టు కోసమే ఆడాడు. ఒకచోటి ఆట మరోచోటి ఆటను అబద్ధం చేయదు.

రాజ్యానికి తేదీలూ కాగితాలూ అవసరమే. అవి లేకుండా పాలన సాగదని నేనూ ఒప్పుకుంటాను. కానీ 1986లో మేము కాగితం అడగలేదు. ఒక మనిషి ముఖాన్ని సాక్ష్యంగా అడిగాం. ఆ అలవాటు ఇప్పుడు హాస్టల్ గదుల్లో ఆగడం లేదు. సభల్లో, స్టూడియోల్లో, ఎన్నికల వేదికల మీద అది రాజకీయ భాషగా చెలామణీ అవుతోంది.

ఆ మిత్రుడు ఇప్పటికీ హైదరాబాదులోనే ఉన్నాడు. పండగకు పిలుస్తాడు. పిల్లల చదువుల నుంచి ప్రభుత్వాల దాకా అన్నీ మాట్లాడుకుంటాం. క్రికెట్ మాత్రం ఏళ్ల తరబడి మా మధ్యకు రాలేదు. నిరుడు ఎందుకో ధైర్యం చేసి గుల్ మహమ్మద్ కథ చెప్పాను. అంతా విని, కాసేపు ఊరుకుని, అడిగాడు: ‘‘కరాచీల గెలిచినంక ఆయన్ను గూడ ఎవరన్న అట్లనే చూసిండ్రేమోరా?’’

అట్లనే అంటే ఎట్లా అని నేను అడగలేదు.