బొగ్గు తినే కోతుల అడవి

పులావులో లవంగాలు వేసేటప్పుడు ఇవి ఎక్కణ్ణించి వచ్చాయా అని ఎప్పుడైనా అనుకున్నారా? ఆఫ్రికా తూర్పు తీరాన, టాంజానియా దేశానికి చెందిన జాంజిబార్ దీవులు లవంగాలకి పెట్టింది పేరు. అయితే ఇప్పుడు చెప్పబోయేది లవంగాల గురించి కాదు. ఆ దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా కనిపించని ఒక కోతి గురించి. దాని కథలోనూ వంటింటికి పెద్ద పాత్రే ఉంది లెండి!

జాంజిబార్ పట్నం నుంచి సుమారు 35 కిలోమీటర్లు వెళితే జొజాని అడవి వస్తుంది. ఇక్కడ భూమిలో నీళ్ళు బాగా పైకే ఉంటాయి. అందుకే వానాకాలంలో చెట్ల మొదళ్ళు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. మన సముద్రతీరాల్లో పెరిగే పొన్న చెట్లు ఇక్కడా కనిపిస్తాయి. ఇంకొంచెం ముందుకెళితే చ్వాకా అఖాతం పక్కన మడ అడవులు. కాకినాడ దగ్గర కోరంగి చూసినవాళ్ళకి ఆ వేళ్ళ అల్లిక కొత్తేమీ కాదు. ఇక్కడా చెక్కల దారి మీద నడుస్తూ చూడవచ్చు. 2004లో ఈ ప్రాంతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు.

ఈ అడవికి అందం తెచ్చింది ఎర్ర కొలబస్ కోతి. నల్లటి మొహం, దాని చుట్టూ చెదిరిన తెల్లజుట్టు, ఎర్రటి వీపు, తెల్లటి పొట్ట. చేతికి బొటనవేలు దాదాపు ఉండదు. మన కోతుల్లా పండిన పళ్ళ కోసం ఎగబడదు. లేత ఆకులు, పచ్చికాయలే దాని భోజనం. ఆవుకున్నట్టు గదులున్న పొట్ట కాబట్టి ఆకులు అరిగించుకోగలదు.

అడవి అంచున, తోటల పక్కన ఉండే కోతులకి మామిడాకులు, బాదం ఆకులు మహా ఇష్టం. మన పెరళ్ళలో ఉంటుందే, ఆ నాటు బాదమే! ఆ ఆకుల్లో బలమూ ఉంది, అరగనివ్వని పదార్థాలూ ఉన్నాయి. అందుకని అవి ఏం చేస్తాయో తెలుసా? కట్టెబొగ్గు తింటాయి! కాలిన మొద్దుల దగ్గర, బొగ్గుబట్టీల దగ్గర, ఒక్కోసారి ఇళ్ళ దగ్గరికొచ్చి కూడా బొగ్గుముక్క ఎత్తుకుపోతాయి. ఆ చెడు పదార్థాలని బొగ్గు పీల్చేసుకుంటుందని శాస్త్రజ్ఞులు 1990లలో తేల్చారు. తల్లి తింటుంటే చూసి పిల్లలు నేర్చుకుంటాయట.

ఊళ్ళోవాళ్ళు మాత్రం దీన్ని 'కిమా పుంజు' అనేవారు. మన కోడిపుంజు కాదు సుమా! స్వాహిలీ భాషలో విషపు కోతి అని అర్థం. ఇది తిన్న చెట్టు చచ్చిపోతుందని వాళ్ళ నమ్మకం. లేత కొబ్బరి పిందెలు తినేస్తుందని రైతులకి కోపం కూడా. తీరా 1999లో వచ్చిన ఒక పరిశోధన చూస్తే, కోతులు పిందెలు ఎక్కువగా తిన్న చోట కొబ్బరి దిగుబడి తగ్గలేదు సరికదా, ఎక్కువగానే ఉంది! పిందెలు కొన్ని రాలితే మిగిలినవి బలంగా ఊరతాయని వాళ్ళ అంచనా.

అడవి పక్క రోడ్డు మీద వాహనాల కింద పడి ఎన్నో కోతులు చనిపోయేవి. స్పీడ్ బ్రేకర్లు వేశాక ఆ చావులు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. 2017లో వెల్లడైన లెక్క ప్రకారం ఈ కోతులు 5,800కి పైగా ఉన్నాయి. అనుకున్నదానికంటే ఎక్కువే. అలాగని గండం గడవలేదు. కొన్ని అడవుల్లో ఇవి అసలు లేకుండా పోయాయి. పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవటం కూడా తక్కువే.

అన్నిటికంటే పెద్ద చిక్కు పొయ్యి దగ్గరే ఉంది. జాంజిబార్‌లో చాలా ఇళ్ళలో వంట కట్టెల మీద, బొగ్గుల మీద. ఆ బొగ్గు కోసం కొట్టేది ఈ చెట్లనే. కోతికి మందైన బొగ్గే దాని ఇంటికి ముప్పయింది! అలాగని అక్కడి ఇల్లాలిని తప్పు పట్టగలమా? పిల్లల ఆకలి తీర్చాలంటే పొయ్యి వెలగాలి కదా. కట్టెల పొయ్యి ఊది కళ్ళు మండిన మన అమ్మమ్మలకి ఆ కష్టం తెలుసు.

అందుకే పార్కు టిక్కెట్ల డబ్బులో కొంత చుట్టుపక్కల ఊళ్ళకి ఇస్తున్నారు. అడవి నిలిస్తేనే ఊరికి ఆదాయం. ఎప్పుడైనా మీరు వెళితే ఆ కోతులకి తినడానికి ఏమీ పెట్టకండి, దగ్గరికి పోకండి. చెట్టు కింద నిశ్శబ్దంగా నిలబడితే చాలు, మనల్ని పట్టించుకోకుండా వాటి పని అవి చేసుకుంటాయి.